విసనకర్రయు హిమపర్వతమును

వైశాఖమాసపు మధ్యాహ్నమున, ఇంటిలోని గాలి యంతయు స్తంభించి, ఒంటికి చెమట పట్టి, ప్రాణము ఉక్కిరిబిక్కిరి యగుచున్న వేళ, తాటాకు విసనకర్ర నొకదానిని చేతబట్టి నాలుగుసార్లు విసరుకొన్నచో కలుగు సుఖము మనలో నెఱుగనివారు లేరు. ఆ సుఖము నిచ్చిన దేది యని ఆలోచించినవారు మాత్రము అరుదు. విసనకర్ర గదిలోని గాలిని చల్లబఱుపలేదు. గోడకు ఉష్ణమాపకము నొకదానిని వ్రేలాడగట్టి, చేయి నొప్పిపుట్టునంతసేపు దానికి విసరినను అందలి పాదరసము ఒక్క గీత యైనను దిగదు. చల్లబడినది మనమే. మన చర్మము నంటిపెట్టుకొని, మన వేడితోనే వెచ్చబడి, మన చెమటతోనే తడిసి, కంటికి కనబడని పలుచని దుప్పటివలె ఒక గాలిపొర సదా మనలను చుట్టుకొని యుండును. విసనకర్ర ఆ దుప్పటిని లాగివేసి, దాని స్థానమున క్రొత్త గాలిని తెచ్చి నిలుపుచున్నది. ఆ క్రొత్తది వెచ్చబడులోపలనే దానిని గూడ తరిమివేయుచున్నది.

ఇదే సూత్రము తిరుగబడిన వేళ మనకు వడగాలి యగును. రెంటచింతలలోనో రామగుండములోనో గాలి మన దేహముకంటె వేడియైన దినమున, చెమట ఆరుటవలని లాభమును ప్రక్కనబెట్టి చూచినచో, వీచు గాలి మన వేడిని తీసికొనిపోవుటకు మాఱుగా తన వేడిని తెచ్చి మనపై క్రుమ్మరించును. గాలికి మనపై పగయు లేదు, కరుణయు లేదు. అది ఎక్కువ యున్న చోటినుండి తక్కువ యున్న చోటికి వేడిని మోయు కూలివాడు మాత్రమే. ఎంత వేగముగా నడచిన అంత ఎక్కువ బరువు మోయును.

ఈ కూలివాని చేతిలో ముగ్గురు మనుష్యులు ఆరు దినములు చిక్కుకొనిన కథ నాధారము చేసికొని, అతిశీతలమున మానవదేహము ఎట్లు వర్తించునో ఈ అధ్యాయమున వివరింపదలచితిని. కథ జరిగినది 1967వ సంవత్సరమున. స్థలము అలాస్కాలోని దెనాలి పర్వతము.

ఉత్తర అమెరికా ఖండమున దానికంటె ఎత్తైన శిఖరము లేదు. ఎత్తు 20,310 అడుగులు. 19వ శతాబ్ది చివర ఒక బంగారపు అన్వేషకుడు, అప్పటికి అమెరికా అధ్యక్షపదవికి పోటీచేయుచున్న మెకిన్లీ పేరును దానికి తగిలించెను. కొండ క్రింద తరతరములుగా నివసించు కొయుకాన్ జనులకు మాత్రము అది ఎప్పుడును దెనాలియే, అనగా ఉన్నతమైనది. ప్రభుత్వపు పటములలో పేరు ఇటు నటు మారుచు వచ్చినది. కొండ ఎక్కువారి నోట దెనాలి యను పేరే నిలిచినది. 1913 జూన్ మాసమున నలుగురు దాని శిఖరమును తొలిసారి చేరగా, అందఱికంటె ముందుగా అడుగు మోపిన వాల్టర్ హార్పర్ ఆ దేశపు ఆదిమజాతి స్త్రీకి జన్మించిన యువకుడు కావడము నాకు ఎంతో న్యాయముగా తోచును.

హిమాలయమునందు ఇంతకంటె ఎత్తైన శిఖరములు వందలకొలది యుండగా ఈ కొండకు ఇంత భయమేల యని పాఠకుడు అడుగవచ్చును. అది ఉత్తరముగా 63వ అక్షాంశమున నున్నది. ధ్రువములవైపు పోవుకొలది భూమిని కప్పిన వాయుమండలము పలుచబడును; చలికాలమున మఱింత క్రిందికి క్రుంగును. అందుచే ఆ శిఖరముపై ఊపిరి పీల్చువానికి, అదే ఎత్తున భూమధ్యరేఖకు చేరువగా నున్న కొండపై లభించు ప్రాణవాయువైనను లభింపదు. కొలబద్ద చెప్పు ఎత్తుకంటె ఊపిరితిత్తులు చెప్పు ఎత్తు ఎక్కువ. ఇక పగటి సంగతి: పుష్యమాసపు తొలిదినములలో సూర్యుడు అయిదు గంటలైనను ఆకాశమున నిలువడు. చలియా, సున్నకు దిగువ 40 డిగ్రీలు అచట సాధారణము. మన లంబసింగిలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్న దరిదాపులకు దిగినదన్న వార్త పత్రికలలో పడగానే జనులు బండ్లు కట్టుకొని చూడబోవుదురు. విజయవాడ వేసవికిని లంబసింగి చలికాలపు వేకువకును ఎంత అంతరమో, లంబసింగికిని ఆ కొండకును సుమారు అంత అంతరము. వేసవిలో ఆ కొండ నెక్కువారు నేడు ఏటేట వందలకొలది యున్నారు; మన నిజామాబాదు జిల్లా బిడ్డ మాలావత్ పూర్ణ 2022లో ఎక్కినదియు అట్టి వేసవి ఋతువుననే. చలికాలమున ఎక్కుట వేఱొక విద్య. 1967కు పూర్వము దానిని సాధించినవారు లేరు.

ఆ పూనికకు కూడినవారు ఎనమండుగురు. గ్రెగ్ బ్లాంబర్గ్ నాయకుడు. ఆర్ట్ డేవిడ్‌సన్ అతనితో కలసి సంకల్పము చేసినవాడు. స్విట్జర్లండున పుట్టిన రే జెనెట్, ఆజానుబాహువైన డేవ్ జాన్‌స్టన్, జపానునుండి వచ్చిన షిరో నిషిమే, న్యూజిలాండు జీవశాస్త్రజ్ఞుడు జాన్ ఎడ్వర్డ్స్, ఎముకల వైద్యుడు జార్జి విచ్‌మన్, ఫ్రాన్సు దేశపు ప్రసిద్ధ పర్వతారోహకుడు జాక్ బాట్కిన్. చిన్న విమానమొకటి వారిని కహిల్త్నా హిమానీనదముపై దింపినది. హిమానీనదమనగా గడ్డకట్టి మెల్లగా జాఱుచున్న నది. దాని మేనిపై లోతైన పగుళ్ళుండును, పగుళ్ళపై మంచు వంతెనవలె పఱచుకొనియుండును. పైనుండి చూచువానికి నేలకును వంతెనకును భేదము తెలియదు. చలికాలమున వెలుగు మందగించి నీడలే లేనప్పుడు, ఆ భేదము మఱింత మాసిపోవును. జనవరి మాసాంతమున, యాత్ర ఇంకను ఆరంభదశలో నుండగనే, త్రాడు కట్టుకొనక నడచుచున్న బాట్కిన్ అట్టి వంతెన కూలి పగులులో పడి మరణించెను. అందఱిలోను బలిష్ఠుడని పేరుపొందినవాడు అతడే.

మిగిలినవారు వెనుకకు పోదుమా, పైకి పోదుమా యని కొన్ని దినములు తర్కించుకొని, తుదకు పైకే పోవ నిశ్చయించిరి. ఆ నిర్ణయము సరియైనదా యని తీర్పు చెప్పుటకు వెచ్చని గదిలో కూర్చుండి వ్రాయువానికి అధికారము లేదని నా యభిప్రాయము.

పశ్చిమపు బురుజు అను ఆ మార్గమును 1951లో బ్రాడ్‌ఫర్డ్ వాష్‌బర్న్ కనిపెట్టెను. క్రిందిభాగమున అది నడక. నడుమ నిట్రమైన మంచుగోడ. దానిపైన 16,000 అడుగులు మొదలు 17,000 దాటువఱకు ఇఱుకైన శిలాశిఖ, ఇరువైపుల లోయ, చేతులను కాళ్ళను సమముగా ఉపయోగించి రాళ్ళనడుమ ఎగబ్రాకుచు పోవలసిన చోటు. శాస్త్రము ఇచటనే ప్రవేశించును. ఎగబ్రాకువానికి వ్రేళ్ళు కావలెను. వ్రేళ్ళను గాపాడునది మందమైన చేతితొడుగు. తొడుగుతో రాయి పట్టు దొరకదు, ముడి విప్పలేము, కొక్కెము తగిలింపలేము. తొడుగు తీసిన అరనిమిషములో పని పూర్తి కావలెను, లేదా వ్రేలు పోవలెను. చలికాలపు ఆరోహణమంతయు ఈ అరనిమిషముల కూడిక యని చెప్పినను తప్పులేదు.

విశ్రాంతిగా నున్న మనుష్యుని దేహము ఒక నూరు వాట్ల దీపము వెదజల్లునంత వేడిని పుట్టించుచుండును. కొండ ఎక్కుచున్నప్పుడు అది ఆరేడు రెట్లు పెరుగును. కనుక మైనస్ 40 డిగ్రీలలో సయితము, గాలి లేక, కాళ్ళు కదలుచున్నంతసేపు మనుష్యునికి చెమట పట్టుచునే యుండును. విచిత్రమేమన అతనికి తొలిశత్రువు ఆ చెమటయే. ఒంటిమీది బట్టలు వెచ్చదనము నిచ్చుట తమ దారములలో ఏదో అగ్ని యున్నందువలన గాదు. దారముల నడుమ చిక్కుకొని కదలలేక నిలిచిన గాలివలన. ఆ గాలి స్థానమున నీరు చేరినచో, నీరు గాలికంటె ఇరువదియయిదు రెట్లు వేగముగా వేడిని జాఱవిడుచును. అందుచే అనుభవజ్ఞులు చెమటపట్టకముందే ఒక చొక్కా తీసివేయుదురు, నిలువకముందే తొడిగికొందురు. అతిశీతలమున నిదానముగా నడచుట మందకొడితనము గాదు, పొదుపు.

ఈ తేమ యెంత మొండిదో తెలియుటకు 1911లో అంటార్కిటికాలో జరిగిన శీతకాలయాత్ర చాలును. విల్సన్, బౌవర్స్, చెర్రీ-గారర్డ్ అను మువ్వురు పెంగ్విను గ్రుడ్లకొఱకు అయిదు వారములు చీకటిలో నడచిరి. వారి ఉచ్ఛ్వాసనిశ్వాసముల తేమయు, చెమటయు నిద్రసంచులలో చేరి గడ్డకట్టగా, బయలుదేఱునప్పుడు 18 పౌన్లు తూగిన చెర్రీ-గారర్డ్ సంచి తిరిగి వచ్చుసరికి 45 పౌన్లు తూగినది. ప్రతి రాత్రి ఆ మంచుపలకను తన ఒంటివేడితో కరగించుకొనుచు లోనికి దూరవలసి వచ్చెడిది. ఒక ఉదయమున గుడారమునుండి వెలుపలికి వచ్చి తల యెత్తి చూచినంతలో, తడిసిన బట్టలు ఆ భంగిమలోనే బిగుసుకొనిపోగా, అతడు నాలుగు గంటలసేపు తల యెత్తుకొనియే బండి లాగవలసివచ్చెనట. నవ్వు వచ్చు విషయమే; నవ్విన పిమ్మట ఆలోచింపవలసిన విషయమును.

ఫిబ్రవరి 28వ తేదీ సాయంకాలము, చీకటి పడిన పిమ్మట, డేవిడ్‌సన్, జెనెట్, జాన్‌స్టన్ మువ్వురు దెనాలి శిఖరమున నిలిచిరి. శీతకాలమున ఆ శిఖరముపై మానవపాదము మోపుట అదే ప్రథమము. దిగుదారిలో రాత్రి అడ్డుపడినందున, 18,200 అడుగుల ఎత్తుననున్న కనుమవద్ద ఆరుబయటనే పండుకొనిరి. గాలి అప్పటికి లేదు. ఆ నమ్మకముమీదనే పండుకొనిరి. తెల్లవాఱుజామున గాలి లేచినది. లేచుటయనగా మనము తుపానునాడు కిటికీతలుపులు కొట్టుకొనుట చూచిన విధముగా గాదు. నిలుచున్న మనుష్యుని నేలకూల్చునంత, ప్రక్కనున్నవాని కేక వినబడనంత. రెండు శిఖరముల నడుమనున్న కనుమ ఒక గరాటువంటిది; విశాలమైన ప్రదేశమునుండి వచ్చు గాలి ఆ యిఱుకులో దూఱుటకై వేగము పెంచుకొనును. క్రింద నది వంతెన కమానులక్రింద వడి పెంచుకొనుట మనము చూచినదే కదా. ఆ వేకువ మొదలు మువ్వురు ఒకరినొకరు చూచికొనుటకు సయితము ప్రాకులాడవలసివచ్చెను. తుదకు గాలిచాటుననున్న వాలులో, ఇనుమువంటి గట్టిమంచును గొడ్డళ్ళతో త్రవ్వి, ఒదిగి కూర్చుండుటకు చాలినంత చిన్న గుహను చేసికొని అందు దూఱిరి. ఆరు దినములు వారు ఆ గుహను విడిచి దిగలేకపోయిరి.

మంచుగుహలో వెచ్చగా నుండునా యను ప్రశ్న సహజము. మంచు చల్లనిదే గాని వేడిని చేరవేయుటలో సోమరి. క్రొత్తగా కురిసిన మంచులో పదింట తొమ్మిదిపాళ్ళు గాలియే. గట్టిపడినదానిలోను గాలి కొంత చిక్కియుండును. గుహలో నున్నవారి దేహోష్ణము, ఊపిరి వెచ్చదనము గోడల నడుమ నిలిచి, వెలుపల మైనస్ 40 ఉన్నను లోపల సున్నకు కొన్ని డిగ్రీల దిగువననే యుండగలదు. అన్నిటికంటె ముఖ్యము, గాలి చేయి లోనికి చాపలేదు. విసనకర్రను బయట పాఱవేసి తలుపు మూసికొనుటయే గుహ త్రవ్వుట. లోని వెచ్చని గాలి జాఱిపోకుండుటకు ద్వారమును కూర్చున్న చోటికంటె క్రిందుగా త్రవ్వవలెను, ఏలయన వెచ్చని గాలి తేలిక, చల్లని గాలి బరువు. ఆ బరువైన గాలి క్రింద పేరుకొనును. అయితే ద్వారము పూర్తిగా మూసికొనుటయు ప్రమాదమే. లోపల పొయ్యి వెలిగించినచో వాసనలేని విషవాయువు, కార్బన్ మోనాక్సైడు, పుట్టి నిద్రలోనే ప్రాణము తీయును.

పొయ్యి యేల, వేడి చాలదా యందురేమో. పొయ్యి వెచ్చదనమునకు గాదు, దాహమునకు. చుట్టును నీరే యైనను అది త్రాగదగిన రూపమున లేదు. మైనస్ 40 డిగ్రీలలో నున్న ఒక కిలోగ్రాము మంచును దేహము వెచ్చబఱచి త్రాగవలెనన్నచో, సున్నకు తెచ్చుటకు 20 కిలోకాలరీలు, కరగించుటకు 80, దేహోష్ణమునకు తెచ్చుటకు 37, వెరసి 137 కిలోకాలరీలు ఖర్చు. రెండు రొట్టెల శక్తి ఒక్క చెంబు నీటికి వ్యయము! ఎత్తున ఊపిరి ఎక్కువ, ఆ శీతలవాయువులో తేమ యసలే లేదు, కనుక ప్రతి నిశ్వాసముతో దేహము నీటిని ధారపోయుచుండును. నీరు తగ్గినకొలది రక్తము చిక్కబడును. చిక్కని రక్తము వ్రేళ్ళ చివరలకు చేరదు. కాబట్టి అచట ఇంధనమనగా నీరు, నీరనగా వ్రేళ్ళు. గుహలో ఇంధనము నిండుకొనినప్పుడు జాన్‌స్టన్‌కు ఒక జ్ఞాపకము వచ్చినది: మూడేండ్ల క్రిందట వేసవిలో వచ్చినప్పుడు ఆ కనుమ సమీపముననే తాను ఇంధనము కొంత దాచియుంచెను. ఆ గాలిలో దానికై ప్రాకి పోవుట ప్రాణముతో పందెము. అయినను ఆ డబ్బా దొరికినది. మూడేండ్లనాటి చిందరవందర సామగ్రి, శిఖరముపై ఎగురవేయు పతాకకంటె విలువైనదయ్యెను.

డేవిడ్‌సన్ 1969లో ఈ గాథను గ్రంథముగా వెలువరించెను. దానికి పేరు "మైనస్ 148". ఫారెన్‌హీటులో 148 డిగ్రీలు సున్నకు దిగువ, అనగా మన కొలతలో సరిగా మైనస్ 100. ఆ గుహవాసులు అనుభవించిన గాలిచలి అది యని ఆనాటి పట్టిక ననుసరించి చెప్పబడినది. ఈ అంకెను విని, "మైనస్ నూరు డిగ్రీల చలిలో మనుష్యుడు బ్రదికినాడు" అని వ్రాయు పత్రికలవారు నేటికి నున్నారు. ఇచట నేను కొంత ఆగవలసియున్నది, ఏలయన ఈ అంకె చరిత్ర ఆ యాత్రంత రమ్యమైనది.

పాల్ సైపుల్ అనువాడు స్కౌటు బాలుడుగా నుండగా 1928లో బర్డు సేనాని యాత్రతో అంటార్కిటికాకు వెళ్ళెను. పెరిగి శాస్త్రజ్ఞుడై, గాలియు చలియు కలసి చేయు పనికి "విండ్ చిల్" అను పేరును తానే పెట్టెను. మనము గాలిచలి యందము. 1941లో అతడును చార్లెస్ పాసెల్ అనువాడును అంటార్కిటికాలోని తమ స్థావరపు కప్పుపై, 250 గ్రాముల నీరుగల చిన్న గొట్టమును స్తంభమునకు వ్రేలాడదీసి, వేర్వేరు గాలులలో ఆ నీరు గడ్డకట్టుటకు ఎంతసేపు పట్టునో గడియారము చూచి వ్రాసికొనిరి. ఆ ఫలితములు 1945లో ప్రకటితమైనవి. ఆ లెక్కలనుండి తయారైన పట్టికయే అర్ధశతాబ్దికి పైగా సైన్యములకును పర్వతారోహకులకును ప్రమాణమయ్యెను. దానిలో గాలివేగము గంటకు 40 మైళ్ళు దాటినచో అదనపు ప్రభావము స్వల్పమని వ్రాసియుండెడిది. అడ్డువరుసల చివర, నిలువువరుసల చివర, చిట్టచివరి గడిలో, మైనస్ 60 ఫారెన్‌హీటునకు 40 మైళ్ళ గాలికి ఎదురుగా ఉన్న అంకె మైనస్ 148. కనుక అది కొండపై ఎవరును కొలిచిన ఉష్ణోగ్రత గాదు. పట్టిక ముగిసిన చోటు.

గొట్టములోని నీరు మనుష్యుడు కాదు. దానికి రక్తప్రసరణము లేదు, చర్మపు మందము లేదు, గడ్డకట్టునప్పుడు వేదనలేదు. ఈ లోపమును శాస్త్రజ్ఞులు చిరకాలముగా ఎఱుగుదురు. తుదకు కెనడాలో పండ్రెండుమంది స్వచ్ఛందులను, ఆర్గురు స్త్రీలను ఆర్గురు పురుషులను, చలిగాలి సొరంగములో కదలుపట్టీపై నడిపించి, వారి చెక్కిళ్ళపై ఉష్ణమాపకములు అంటించి, కొలతలు తీసిరి. ఆ ప్రయోగములపై ఆధారపడిన క్రొత్త సూత్రమును 2001లో అమెరికాయు కెనడాయు స్వీకరించినవి. ఆ క్రొత్త సూత్రము ప్రకారము నేను లెక్కవేసి చూడగా, పాత పట్టికలోని ఆ చిట్టచివరి గడికి వచ్చినది సుమారు మైనస్ 80 సెంటిగ్రేడు. ఒక్క కలపుపోటుతో ఇరువది డిగ్రీలు తగ్గిపోయినవి! గుహలోని వారి బాధ ఒక్క రవ్వయైనను తగ్గలేదు. ఇంకొక విషయము మఱువరాదు. గాలి ఎంత వీచినను ఏ పొడి వస్తువును తనకంటె చల్లబఱుపలేదు. మైనస్ 40 గాలిలో ఉంచిన ఇనుపముక్క ఎంత గాలిలోనైనను మైనస్ 40 దగ్గఱనే ఆగును. త్వరగా చేరును, అంతే. గాలిచలి యనునది ఉష్ణోగ్రత గాదు, వేగము. ఉష్ణోగ్రత వేషము వేసికొన్న వేగము. ఆ వేషము తెలియనివారికి అంకె భయమును మాత్రమే యిచ్చును; తెలిసినవారికి సమయమును చెప్పును: ఇంత గాలిలో తొడుగు లేని చేయి ఎన్ని నిమిషములు నిలుచును?

చేతుల సంగతి కొంత చెప్పవలసియున్నది. దేహము చలిలో ఇంటియజమానివలె ప్రవర్తించును. కరవుకాలమున గర్భగృహమున దీపము నిలుపుటకు ముందువసారాలో దీపము ఆర్పివేసినట్లు, గుండెను మెదడును వెచ్చగా నుంచుటకై వ్రేళ్ళకు పోవు రక్తనాళములను బిగించివేయును. ఆర్పివేయుటకు ముందు మాత్రము కొంత జాలి చూపును: కొన్ని నిమిషముల కొకసారి నాళములు విప్పారి, వెచ్చని రక్తము వ్రేళ్ళకు పోయి, మరల మూసికొనును. 1930లో థామస్ లూయిస్ ఈ చర్యను వర్ణించెను. దేహపు నడిమిభాగమే చల్లబడినచో ఆ జాలియు తగ్గిపోవును. చర్మము సున్నకు అరడిగ్రీ దిగువన గడ్డకట్ట మొదలిడును, అదియే మంచుకాటు. వింత యేమనగా అప్పుడు నొప్పి తెలియదు. నొప్పి యున్నంతవఱకు వ్రేలు బ్రదికియున్నదని పర్వతారోహకులు సంతోషింతురు.

మంచుకాటునకు చికిత్స విషయమున మానవుని చరిత్ర లజ్జాకరము. 1812లో నెపోలియన్ సేన రష్యానుండి వెనుదిరుగునపుడు, గడ్డకట్టిన కాళ్ళను నెగడుకడ కాచుకొన్నవారికి మాంసము కుళ్ళుట చూచి, సైనికవైద్యుడు లారే మంచుతో రుద్దుటయే మేలని తలంచెను. ఆయన చూచినది నిజము, ఊహించినది తప్పు: మొద్దుబాఱిన కాలికి నిప్పుసెగ ఎంతయో తెలియక కాలిపోయెడిది, తెల్లవాఱినంతనే మరల నడక, మరల గడ్డకట్టుట. ఆ మహావైద్యుని మాట నమ్మి లోకము నూఱేండ్లకు పైగా గడ్డకట్టిన చర్మమును మంచుతో రుద్ది మఱింత చెఱచినది. నేడు చెప్పునది వేఱు: దాదాపు దేహోష్ణముతో సమానమైన, 37 మొదలు 39 డిగ్రీల నీటిలో త్వరగా కరగింపవలెను, మరల గడ్డకట్టు ప్రమాదమున్నచో కరగింపనే రాదు. గడ్డకట్టిన కాలితో నడువవచ్చును. కరగిన కాలితో నడువరాదు. ఈ పద్ధతిని నిలబెట్టినవారిలో ఒకరు, దెనాలికి సమీపనగరమైన ఆంకరేజిలోని వైద్యుడు విలియం మిల్స్.

గుహలో మువ్వుర చేతులును కాళ్ళును మంచుకాటు తిన్నవే. చేతులు పనిచేయనివానికి చేతులున్నవాడు అన్నము పెట్టవలెను, కాళ్ళు చచ్చినవానికి కాళ్ళున్నవాడు ఇంధనము తేవలెను; ఒకనాటి బలవంతుడు మఱునాడు రోగి. ఈ మార్పిడిని చూచినప్పుడు గుంపు అనుమాటకు అర్థము తెలియును. ముగ్గురు దగ్గఱగా ఒదిగినప్పుడు గాలికి ఎదురగు చర్మవైశాల్యము తగ్గును, మూడు నూరు వాట్ల దీపములు ఒక్క గదిలో వెలుగును, ఇది భౌతికశాస్త్రము. దేహోష్ణము 35 డిగ్రీలకు దిగినవానికి మాట తడబడును, అడుగు తడబడును, తుదకు బుద్ధియే తడబడి, తనకు చలిలేదని, ఇంక నడువనక్కఱలేదని తోచును. కొందఱు ఉక్క పోయుచున్నదని బట్టలు విప్పివేయుదురు. ఆ స్థితిని తనకు తానుగా ఎవడును కనిపెట్టలేడు, ప్రక్కవాడు కనిపెట్టవలెను. ఇది భౌతికశాస్త్రమునకు అందనిది. క్రింది శిబిరములలోని నలుగురికి మాత్రము పైవారి సంగతి తెలియలేదు. గాలి అడ్డుపడి పైకి పోలేక, మిత్రులు మరణించిరను తలంపుతోనే సహాయమును పిలుచుటకై వారు దిగిపోయిరి. మార్చి మాసపు మొదటి వారము గడచుసరికి గాలి ఆగినది. మువ్వురును తమ కాళ్ళతోనే దిగనారంభించిరి, పిదప హెలికాప్టరు వారిని చేరినది.

ఒంటరిగా పోయినవారి కథ వేఱు. 1984 ఫిబ్రవరి 12న, తన 43వ జన్మదినమున, జపాను సాహసి నవోమి ఉఎమురా ఒంటరిగా దెనాలి శిఖరమును చేరెను. పగుళ్ళలో పడినచో అడ్డుపడునని నడుమునకు పొడవైన వెదురుగడలు కట్టుకొనిపోయినవాడు. మఱునాటి రేడియో సంభాషణ తర్వాత అతని జాడ లేదు, దేహము నేటికిని దొరకలేదు. 1988లో వెర్న్ తేజస్ అదే విధముగా ఒంటరిగా పోయి ప్రాణముతో తిరిగి వచ్చిన మొదటివాడు. వెదురునకు మాఱుగా అతడు నిచ్చెనను తగిలించుకొనెను.

గుహలో ఆరు దినములు నిలిచిన మువ్వురిలో రే జెనెట్ తరువాతి కాలమున ఆ కొండపైననే మార్గదర్శకుడుగా ప్రసిద్ధికెక్కెను. 1979 అక్టోబరులో ఎవరెస్టు శిఖరమును చేరి దిగుచు, సుమారు 28,000 అడుగుల ఎత్తున చీకటి పడగా ఆరుబయట రాత్రి గడపవలసివచ్చి, తెల్లవాఱకముందే మరణించెను. అతని తోడనున్న జర్మను మహిళ హన్నెలోర్ ష్మాట్జ్ మఱునాడు మరణించినది. వారిని విడువక నిలిచిన సుంగ్దారే షెర్పా బ్రదికి క్రిందికి వచ్చెను. అతని చేతివ్రేళ్ళును కాలివ్రేళ్ళును చాలవఱకు తీసివేయవలసివచ్చినది.